ఎర్ల్ గారి పద్దుల పుస్తకం

మా అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతోంది. పొద్దున్నే లేచి హాల్లో అటూ ఇటూ పచార్లు చేస్తూ ఫిజిక్సు వల్లె వేస్తుంది. ఓ రోజు నేను వంటింట్లో కుక్కర్ మూత బిగిస్తూంటే దాని గొంతు వినిపించింది. ఉష్ణోగ్రత మారకుండా ఉంటే, వాయువు మీద ఒత్తిడి పెంచినకొద్దీ దాని పరిమాణం తగ్గిపోతుందిట. బాయిల్ సూత్రం!

"ఎవరే ఈ బాయిల్?" అన్నాను.

"సైంటిస్టు."

"అది తెలుస్తూనే ఉంది. ఎవరి అబ్బాయి? ఏ ఊరు? అక్కచెల్లెళ్ళెంతమంది?"

"అమ్మా, అది సిలబస్‌లో లేదు," అని మళ్ళీ పచార్లలో పడింది.

నేను చదివింది బి.ఏ., రాసేది నవలలు. సూత్రాలంటే ఇప్పటికీ భయమే. కానీ ఒక మనిషి పేరు చెవిన పడితే, వాళ్ళ ఇల్లూ వాకిలీ సంగతి తెలుసుకునేదాకా నాకు తోచదు. సిలబస్‌లో లేని ఆ సంగతుల కోసం లైబ్రరీకెళ్ళి నాలుగు పుస్తకాలు తిరగేశాను. చిత్రం ఏమిటంటే, సూత్రం కనిపెట్టిన రాబర్ట్ బాయిల్ దాకా వెళ్ళకుండానే వాళ్ళ నాన్నగారి దగ్గర ఆగిపోయాను. ఆయన కథ అలాంటిది మరి.

1588 జూన్ 23న ఇంగ్లండు నించి వచ్చిన ఓ కుర్రాడు డబ్లిన్‌లో ఓడ దిగాడు. పేరు రిచర్డ్ బాయిల్. ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. కాంటర్‌బరీ ఊరివాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. రెండో కొడుకు కనక ఆస్తి మీద ఆశ లేదు. కేంబ్రిడ్జిలో కొన్నాళ్ళు చదివి, లండన్‌లో లా మొదలుపెట్టి, డబ్బు చాలక ఒక పెద్ద జడ్జిగారి దగ్గర గుమాస్తాగా చేరాడు. ఇంకొకళ్ళ కాగితాలు రాసుకుంటూ కూర్చుంటే జుట్టు నెరుస్తుందే గానీ జేబు నిండదని తెలుసుకుని ఐర్లండ్ దారి పట్టాడు.

ఆ రోజు తన దగ్గర ఏమేం ఉన్నాయో, గొప్పవాడయ్యాక 1632లో రాసిన జ్ఞాపకాల్లో జాబితా ఇచ్చాడు. రొక్కం 27 పౌన్ల 3 షిల్లింగులు. తల్లి ఇచ్చిన వజ్రపుటుంగరం, బంగారు కడియం. ఒక పట్టుచొక్కా, ఒక నల్ల మఖ్మల్ లాగూ, ఒక కొత్త సూటు, రెండు పై అంగీలు, ఒక కత్తీ, ఒక బాకూ. నలభై నాలుగేళ్ళు గడిచినా అందులో మూడు షిల్లింగులు కూడా మరిచిపోలేదు చూడండి!

ఆ జాబితా చదువుతుంటే నాకు మా తాతగారు గుర్తొచ్చారు. ఆయనకీ ఎర్ర అట్ట పద్దుల పుస్తకం ఒకటి ఉండేది. ఉప్పూ చింతపండు దగ్గర్నించి కోర్టు ఖర్చులదాకా అందులో ఎక్కించని పైసా లేదు. ఒక పేజీలో వరసగా మూడు పద్దులున్నాయి: ఎద్దుల జత, రెండో అమ్మాయి పెళ్ళి, పశువులపాకకి తాటాకు. ఆ రెండో అమ్మాయి మా మేనత్త. ఒకసారి ఆ పేజీ ఆవిడకి చూపించాను. "పోన్లెద్దూ, ఎద్దుల కంటే నాకే ఎక్కువయింది," అని నవ్వింది. నవ్వింది గానీ పుస్తకం మాత్రం చటుక్కున మూసేసింది.

సరే, మన కుర్రాడి దగ్గరికి వద్దాం.

అతను అడుగుపెట్టేటప్పటికి దక్షిణ ఐర్లండ్‌లోని మన్‌స్టర్ ప్రాంతం బూడిద మీద ఉంది. అక్కడి పెద్ద భూస్వామి డెస్మండ్ ఎర్ల్ ఇంగ్లండు రాణి మీద తిరగబడి 1583లో హతమయ్యాడు. ఆయన భూములన్నీ జప్తు చేసి, ఇంగ్లండు నించి వచ్చినవాళ్ళకి పంచిపెట్టారు. జప్తయిన భూములూ, వారసులు లేని భూములూ సర్కారు ఖాతాకి చేర్చడానికి ఒక ఆఫీసుండేది. బాయిల్ అందులో ఉద్యోగం సంపాదించాడు. ఎవరి పట్టాలో ఏ లొసుగుందో, ఏ దస్తావేజులో ఏ మాట తప్పో కనిపెట్టడమే పని. భూమి తగాదాలున్న ఊళ్ళో పుట్టిన మీకు ఇక విడమర్చి చెప్పక్కర్లేదు. లొసుగు కనిపెట్టినవాడికే ఆ భూమి చవగ్గా దొరికే దారి కూడా తెలుస్తుంది!

1595లో లిమెరిక్ ప్రాంతపు ఆస్తిపరురాలు జోన్ ఆప్‌స్లీని పెళ్ళి చేసుకున్నాడు. ఏటా 500 పౌన్లు వచ్చే భూమి ఆవిడతోబాటు వచ్చింది. నాలుగేళ్ళు తిరిగేసరికి పురిట్లో ఆవిడా పోయింది, బిడ్డా దక్కలేదు. ఈలోగా 1598లో మన్‌స్టర్‌లో ఐరిష్‌వాళ్ళు తిరగబడి వలసవచ్చినవాళ్ళని తరిమేశారు. బాయిల్ సంపాదించినదంతా పోయి, ప్రాణాలతో లండన్ చేరాడు. అక్కడా సుఖం లేదు. దొంగ పద్ధతుల్లో భూములు కూడబెట్టాడని పాత శత్రువులు ఫిర్యాదు చేశారు. సాక్షాత్తూ ఎలిజబెత్ మహారాణే విచారణకి కూర్చుంది. ఈయనేం చేశాడనుకున్నారు? తన లెక్కలు అప్పజెప్పి ఊరుకోలేదు. తనమీద నేరం మోపిన ఖజానాదారు లెక్కల్లో బొక్కలు కూడా చూపించాడు. రాణిగారు ముచ్చటపడి మన్‌స్టర్ పాలకమండలికి కార్యదర్శిగా వేసి 1600లో వెనక్కి పంపింది.

ఇక్కణ్ణించి ఆయన్ని 'ఆయన' అనాలి. దశ తిరిగింది. కిన్‌సేల్ దగ్గర 1601లో ఐరిష్, స్పానిష్ సేనల మీద ఇంగ్లీషువాళ్ళు గెలిచినప్పుడు ఆ కబురు లండన్ మోసుకెళ్ళింది ఈయనే. సోమవారం తెల్లవారుజామున రెండింటికి కార్క్‌లో బయల్దేరి, మర్నాడు రాత్రి భోజనాలవేళకి లండన్‌లో మంత్రిగారి చేతికి ఉత్తరమిచ్చానని రాసుకున్నాడు. మధ్యలో సముద్రం ఉంది. రైలు లేదు, విమానం లేదు. గాలి ఈయన మాట కూడా విన్నదన్నమాట!

ఆ మర్నాటి ఏడాది సర్ వాల్టర్ రాలీ తన ఐరిష్ ఎస్టేటు అమ్ముకోవలసొచ్చింది. 42 వేల ఎకరాలు, లిస్మోర్ కోటతో సహా. బాయిల్ ఇచ్చింది 1,500 పౌన్లు. అంతే! 1603 జులై 25న రెండో పెళ్ళి జరిగింది. వధువు కాథరిన్ ఫెంటన్, ఐర్లండ్ ప్రభుత్వ కార్యదర్శి కూతురు. అదేరోజు 'సర్' బిరుదూ వచ్చింది. 1616లో లార్డ్ బాయిల్ అయ్యాడు, 1620లో ఎర్ల్ ఆఫ్ కార్క్ అయ్యాడు, 1631లో ఐర్లండ్ ఖజానాకే అధిపతి అయ్యాడు. 27 పౌన్లతో దిగిన కుర్రాడి శిస్తు రాబడి రోజుకి యాభై పౌన్లయింది.

తన ఇంటి ముద్ర మీద ఆయన వేయించుకున్న మాటకి అర్థం, దైవానుగ్రహమే నా పిత్రార్జితం అని. వినడానికి బావుంది. దేవుడిచ్చాడు సరే, ఎవరి దగ్గర తీసి ఇచ్చాడు? ఈ ప్రశ్న మాత్రం ఆయన పద్దుల్లో ఎక్కడా లేదు.

ఒక్క మాట న్యాయంగా చెప్పుకోవాలి. భూమి కొని పడుకున్న మనిషి కాదు. బాండన్ పట్నాన్ని గోడలు కట్టి పెంచాడు. వంతెనలు, బడులు, ముసలివాళ్ళకి ధర్మశాలలు కట్టించాడు. ఇనుప కొలుములు పెట్టాడు. అయితే ఆ బాండన్ గోడల లోపల ఐరిష్ కాథలిక్కుకి చోటు లేదు. ఆ కొలుముల్లోకి బొగ్గు కావాలంటే అడవులు నరకాలి. అడవి మీద కన్నున్నది ఆయనొక్కడికే కాదు. 1611లో మన మచిలీపట్నం రేవుకి గ్లోబ్ అనే ఓడలో వచ్చి గిడ్డంగి పెట్టుకున్న ఈస్టిండియా కంపెనీ, దాదాపు అదే రోజుల్లో కార్క్ ప్రాంతంలో డండానియల్ అనేచోట అడవి కొని, ఓడలు కట్టే రేవూ, ఇనుప కొలిమీ పెట్టింది. అక్కడి చెట్లూ ఇక్కడి బట్టలూ ఒకే లెక్కల పుస్తకంలోకి ఎక్కాయన్నమాట. ఆ సంగతి చదివాక ఐర్లండ్ నాకు అంత దూరదేశంలా అనిపించలేదు.

ఇప్పుడు అసలు సంసారం చెబుతాను. కాథరిన్‌కి పదిహేనుమంది పిల్లలు. ఎనమండుగురు ఆడపిల్లలు, ఏడుగురు మగపిల్లలు. కొందరు చిన్నతనంలోనే పోయారు. ఎర్ల్ గారు పిల్లల్ని కళ్ళెదుట ఉంచుకుని ముద్దుచేసే రకం కాదు. పుట్టగానే పల్లెలో దాది ఇంటికి పంపేవాడు. ఎండా గాలీ తగిలితే కరిగిపోయే వెన్నముద్దల్లా పిల్లల్ని పెంచకూడదని ఆయన సిద్ధాంతం. ఆఖరి కొడుకు రాబర్ట్ 1627 జనవరి 25న లిస్మోర్‌లో పుట్టి అలాగే పల్లెకి వెళ్ళాడు. మూడేళ్ళు నిండీ నిండగానే తల్లి పోయింది. ఆవిడ మొహం కూడా సరిగ్గా చూసి ఉండడు. మన బాయిల్ సూత్రం బాయిల్ ఈయనే.

ఎర్ల్ గారు 1611 నించి డైరీ రాశాడు. అందులో పిల్లల పుట్టుక, పెళ్ళి, చావు, పక్కనే ఎవరికెంతిచ్చిందీ, ఎవరినించి ఎంత రావలసిందీ అన్నీ ఉంటాయి. ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆయనకి భూమి కొనడం లాంటివే. కిల్డేర్ ఎర్ల్ అనే పసివాడు తండ్రి లేని పిల్లవాడైతే, అతని సంరక్షణ హక్కు డబ్బిచ్చి కొనేసి, తన కూతురు జోన్‌ని ఇచ్చి చేశాడు. పాతికలూ వందలూ కాదు, వేల పౌన్ల వ్యవహారం! పడిపోయిన మేనూత్ కోట కూడా వాళ్ళ కాపురం కోసం తనే బాగుచేయించాడు. లెటిస్‌ని ఇచ్చిన గోరింగ్ ఇంగ్లండు రాజదర్బారులో మొనగాడే గానీ అప్పులపోతు. మామగారి ఇనప్పెట్టె మీదే అతని ధ్యాస. డబ్బు పోసి పెద్దింటి సంబంధాలు తెచ్చిన తండ్రులకి ఈ పురాణం కొత్త కాదు.

ఈ జాబితాలో ఇద్దరు కూతుళ్ళ దగ్గర ఎర్ల్ గారి లెక్క తప్పింది.

మొదటిది కాథరిన్, తల్లి పేరే. 1615లో పుట్టింది. తొమ్మిదేళ్ళప్పుడే బోమంట్ అనే వాళ్ళింటికి, కాబోయే కోడలిగా పెరగమని ఇంగ్లండు పంపేశారు. కొన్నేళ్ళు గడిచాక వరుడి తండ్రి పోయాడు, కట్నం దగ్గర బేరం చెడింది. పిల్లని వెనక్కి తెచ్చి 1630లో పదిహేనేళ్ళప్పుడు ఆర్థర్ జోన్స్ అనే మరో లార్డు కొడుక్కి ఇచ్చారు. తాగుడూ జూదమూ ఉన్న మనిషి. ఎర్ల్ గారి డైరీలో ఇది ఒక పద్దు. పెరిగిన ఇల్లొకటి, పుట్టిన ఇల్లొకటి, మెట్టిన ఇల్లొకటి అయిన ఆ పిల్లకి అది ఎంతకాలమో!

రెండోది మేరీ. తల్లి పోయేటప్పటికి అయిదేళ్ళు. పదమూడూ పద్నాలుగేళ్ళప్పుడు జేమ్స్ హామిల్టన్ అనే జమీందారు బిడ్డని చూసి అంతా ఖాయం చేశారు. వరుడొచ్చి ఎదురుగా నించున్నాడు. పిల్ల చేసుకోనంది. కారణమేమిటని అడిగితే, అతనంటే నాకు ఇష్టం లేదంది. అంతే కారణం! ఎర్ల్ గారు చేతిఖర్చుకిచ్చే డబ్బు ఆపేశాడు. అయినా పిల్ల దిగిరాలేదు. ఆ తర్వాత లండన్‌లో చార్ల్స్ రిచ్ అనే అబ్బాయి పరిచయమయ్యాడు. వార్విక్ ఎర్ల్ గారి రెండో కొడుకు, అంటే ఆస్తి అన్నగారిది, ఇతనిది పేరు మాత్రమే. మేరీకి పొంగు పోసింది. ఆ జబ్బులో అతను చూపించిన ఆపేక్షకి పిల్ల మనసు కరిగింది. సంగతి పొక్కగానే ఎర్ల్ గారు అగ్గి మీద గుగ్గిలమై కూతుర్ని పల్లెలో ఓ చిన్న ఇంటికి పంపేశాడు. అన్నలు వెళ్ళి గట్టిగా నిలదీశారు. అతన్నే చేసుకుంటాను, లేకపోతే ఎవర్నీ చేసుకోనని చెప్పి పంపింది. ఎన్నో వారాలు గడిచాక తండ్రే తగ్గాడు. క్షమించి, 7 వేల పౌన్ల కట్నం కూడా ఒప్పుకున్నాడు. కానీ ఆ పెద్దింటి పెళ్ళి హడావిడి మేరీకి అక్కర్లేదు. 1641 జులై 21న షెపర్టన్ అనే ఊళ్ళో చడీచప్పుడూ లేకుండా పెళ్ళి చేసుకుంది.

వాయువుల సంగతి నాకు తెలీదు గానీ, ఒత్తిడి పెంచినకొద్దీ చిన్నదైపోయే వస్తువు కాదు ఆ పిల్ల!

ఎర్ల్ గారికి ఆ పెళ్ళి గురించి బాధపడే తీరిక కూడా దొరకలేదు. అక్టోబరులో ఐర్లండ్ భగ్గుమంది. నలభై, యాభై ఏళ్ళుగా భూములు పోగొట్టుకున్నవాళ్ళ కోపం అది. రెండువైపులా ఘోరాలు జరిగాయి. డెబ్భై అయిదేళ్ళ ముసలాయన యోల్ పట్నంలో కూర్చుని, కొడుకుల్ని తలోదిక్కుకీ యుద్ధానికి పంపాడు. 1642 సెప్టెంబరు 3న లిస్కారల్ దగ్గర జరిగిన పోరులో లూయిస్ అనే కొడుకు పోయాడు. ఇరవై మూడేళ్ళవాడు. ఒకప్పుడు రోజుకి యాభై పౌన్ల శిస్తు వచ్చే తనకి ఇప్పుడు వారానికి యాభై పెన్నీలు రావడం లేదని ఎర్ల్ గారు ఒక ఉత్తరంలో వాపోయాడు. అప్పటికి ఫ్రాన్సిస్, రాబర్ట్ అనే చిన్నకొడుకులిద్దరూ యూరప్‌లో చదువుకుంటున్నారు. వెండిసామాను అమ్మి 250 పౌన్లు పోగుచేసి, ఇదే ఆఖరని వాళ్ళకి రాశాడు. ఆ డబ్బూ చేతికి అందలేదు. ఫ్రాన్సిస్ యుద్ధానికి వచ్చాడు. పదిహేనేళ్ళ రాబర్ట్ ఒంట్లో బావులేక, గురువుగారి దయ మీద జెనీవాలో ఉండిపోయాడు. 1643 సెప్టెంబరులో ఎర్ల్ గారు కన్నుమూశాడు. కొన్నవన్నీ శత్రువుల చేతిలోనో, బూడిదలోనో ఉన్నాయి. తర్వాత కొడుకులు మళ్ళీ సంపాదించుకున్నారనుకోండి, ఆయన మాత్రం చూడలేదు.

1644లో రాబర్ట్ లండన్ చేరాడు. తండ్రి లేడు, చేతిలో డబ్బు లేదు. ఎక్కడికి వెళ్ళాలి? అక్క కాథరిన్ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ తిరుగుబాటులో అథ్లోన్ కోటలో ముట్టడిలో చిక్కుకుని, ఎలాగో బయటపడి పిల్లలతో లండన్ చేరి, తాగుబోతు భర్తకి దూరంగా బతుకుతోంది. ఆవిడ కొడుక్కి చదువు చెప్పింది మహాకవి మిల్టన్. కొత్త శాస్త్రాల గురించి మాట్లాడుకునే పండితులు ఆవిడ ఇంటికి వచ్చిపోయేవారు. తన కంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన తమ్ముణ్ణి ఆవిడే వాళ్ళకి పరిచయం చేసింది. 1660లో గాలిపంపు ప్రయోగాల మీద రాబర్ట్ పుస్తకం వచ్చింది, 1662లో రెండో ముద్రణలో మా అమ్మాయి వల్లె వేసే ఆ సూత్రం వచ్చింది. 1668 నించి అక్కా తమ్ముడూ పాల్‌మాల్ వీధిలో ఒకే ఇంట్లో ఉన్నారు. ఆ ఇంట్లోనే ఆయన ప్రయోగశాల. ఆవిడ మందులు తయారుచేసేది, తమ్ముడి రాతలు చదివి అభిప్రాయం చెప్పేది. రాయల్ సొసైటీ మాత్రం ఆడవాళ్ళని సభ్యులుగా తీసుకున్నది 1945లో. కాబట్టి ఆవిడ పేరు సిలబస్‌లో లేదు.

రాబర్ట్ పెళ్ళి చేసుకోలేదు. తండ్రి సంపాదించిన భూముల రాబడితోనే జీవితాంతం బతికాడు. ఆ డబ్బులోంచే కొంత తీసి, 1681లోనూ 1685లోనూ బైబిల్‌ని ఐరిష్ భాషలో అచ్చువేయించాడు. తండ్రి ఎవరి భూమి పద్దు రాసుకున్నాడో, వాళ్ళ భాషకి కొడుకు అచ్చు అక్షరాలు పోతపోయించాడు. అప్పు తీరిందనను. ఖాతాలో ఒక గీత పడిందంటాను.

మరి మేరీ? ప్రేమించిన పెళ్ళే అయినా అంతా పూలపానుపు కాలేదు. భర్తకి కీళ్ళవాతం, దానితోపాటు నోటిదురుసు. కూతురు పసితనంలోనే పోయింది. ఒక్కగానొక్క కొడుకు ఇరవయ్యేళ్ళవాడు మశూచితో పోయాడు. బావగారు పోగా 1659లో ఆవిడ వార్విక్ కౌంటెస్ అయింది. ఆవిడా డైరీ రాసింది, 1666 నించి ఏళ్ళ తరబడి. తండ్రి డైరీలో పౌన్లూ షిల్లింగులూ ఉంటే, కూతురి డైరీలో ఇవాళ ఎందుకు ఏడ్చానో, ఎవర్ని నొప్పించానో, ఏ చెట్ల నీడన కూర్చుని ఏం ఆలోచించానో ఉంటుంది. ఆవిడా లెక్కలమనిషే. లెక్కపెట్టింది వేరు. ఆ రెండు డైరీలూ ఈనాటికీ ఉన్నాయి.

ఎర్ల్ గారు భార్య పోయాక డబ్లిన్‌లోని సెయింట్ పాట్రిక్ కెథీడ్రల్‌లో అంతస్తులంతస్తులుగా ఓ సమాధి కట్టించాడు. బతికున్నవాళ్ళూ పోయినవాళ్ళూ, తనూ భార్యా పిల్లలూ అందరి బొమ్మలూ రంగులతో సహా ఉన్నాయి. పూజాస్థానం దగ్గర అంత పెద్దది కట్టావేమిటని గవర్నర్ వెంట్‌వర్త్ విప్పించి పక్కకి పెట్టించాడు గానీ, సమాధి ఇప్పటికీ నిలిచే ఉంది. అందులో కింద ఉన్న పసివాడి బొమ్మ రాబర్ట్‌దే అంటారు. యోల్‌లో ఇంకో సమాధి ఉంది. అక్కడ ఎర్ల్ గారు పడుకుని ఉంటాడు, చుట్టూ తల్లీ, ఇద్దరు భార్యలూ, పిల్లలూ. అదీ ఒక పద్దుల పుస్తకమే, రాతి మీద రాసింది.

కాథరిన్ 1691 డిసెంబరు 23న పోయింది. వారం తిరిగీ తిరక్కుండా, అదే నెల 31న, రాబర్ట్ పోయాడు. లండన్‌లో సెయింట్ మార్టిన్స్ చర్చిలో అక్క పక్కనే పెట్టారు. తర్వాత ఆ చర్చి పడగొట్టి కొత్తది కట్టినప్పుడు వాళ్ళ సమాధుల ఆనవాలు పోయింది. ఇప్పుడెక్కడున్నారో ఎవరికీ తెలీదు.

ఈ కథంతా రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయికి చెప్పాను. సిలబస్‌లో లేదని గుర్తుచేస్తుందేమో అనుకున్నాను. అది చెయ్యి ఎండిపోతున్నా లేవకుండా విని, "అయితే అమ్మా, ఎద్దుల జతకీ పాకకీ మధ్య మన అత్తమ్మ పేరు కూడా లేదా?" అంది.

లేదు. 'రెండో అమ్మాయి' అని మాత్రమే ఉంది.

మర్నాడు ఆ ఎర్ర అట్ట పుస్తకం తీశాను. ఆ పద్దు పక్కన, ఖాళీ జాగాలో, మా అమ్మాయి పెన్సిలుతో మా మేనత్త పూర్తిపేరు రాసింది. తాతగారి దస్తూరీ అంత గుండ్రంగా రాలేదు గానీ, చదవడానికి వీలుగానే ఉంది.